కార్లను మూరలతో కొలిచే పెద్దాయన

ధర్మవరం పట్టుచీరల వీధిలో, మగ్గమున్న ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతి కారునూ మూరలతో కొలిచే పెద్దాయన ఒకాయన ఉండేవాడు.

ఆ రోజు దసరా ముందురోజు. పార్కింగ్ దొరక్క మూడు చుట్లు తిరిగాం. మా అమ్మాయి పెళ్లిచీర కొనకుండానే హిందూపురానికి తిరిగి పోదామన్నాడు మా ఆయన.

"ఈడ పెట్టుకోప్పా," అంటూ పెద్దాయన రెండు కార్ల నడుమ సందు చూపించాడు.

"యాడ పడుతుంది పెద్దాయనా? కండ్లు కనపడతాండాయా లేదా?" అన్నాను.

ఆయన దిగొచ్చి మోచేతితో మా కారును కొలిచాడు, తర్వాత సందును.

"సందు చీరంత పొడుగుండాది. నీ కారు చీరకన్నా మూడు మూరలు పొట్టి. నలభై ఏండ్లు చీరలు నేసినోణ్ణి, నాతోనే వాదిస్తావా తల్లీ?"

వాదించాను. నా వాదన ముగిసేలోపే మా ఆయన కారును ఆ సందులో పెట్టి దిగాడు.

ఓడిపోయి అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ అంగడి మెట్లూ ఎక్కలేదు.