ఇద్దరూ వంగిన సాయంత్రం

ఈసారి క్రిస్మస్ ఆరాధనకు మైనం కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీవి కొందామని మొన్న మా చర్చి కమిటీలో ఒకాయన అన్నాడు. మైనం కారదట, చీరలు కాలవట, బటన్ నొక్కితే చాలట. అందరూ తలూపారు. నేనొక్కణ్ణే వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెబితే మా బాపు పరువు, ఆయన అన్నయ్య పెద్దబాపు పరువు కలిసి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతాయి.

మా వరంగల్ చర్చిలో క్రిస్మస్ ముందు సాయంత్రం లైట్లన్నీ ఆర్పి, వేదిక మీది పెద్ద కొవ్వొత్తి నుంచి వెలుగును ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. వెలిగిన కొవ్వొత్తి నిటారుగా ఉండాలి, వెలగనిదే దాని వైపు వంగాలి. చేతులు కాలకుండా పెట్టిన నియమమని నా అనుమానం. పాస్టరు అయ్యగారు మాత్రం, "వెలుగు క్రీస్తుది. అది కావాలన్నోడే తల వంచాలె" అని ఏటా చెబుతారు.

తల వంచడం మా ఇంటి విద్య కాదు. అక్క నిశ్చితార్థంలో ముగింపు ప్రార్థనను బాపు, ఇంటి పెద్దయిన అన్నను పక్కనపెట్టి, హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రసంగీకుడికి ఇచ్చాడు. పెద్దబాపు ఆమెన్ అనకుండా, బిర్యానీ ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆమెన్ సంగతి దేవుడు చూసుకుంటాడు. బిర్యానీ వదిలాడంటేనే సంగతి చెయ్యి దాటిందని మాకర్థమైంది. ఆయన అక్క పెళ్లికీ రాలేదు. మూడేళ్లు అన్నదమ్ములకు మాటల్లేవు. చర్చిలో కుటుంబానికి ఒకటే బెంచీ కాబట్టి నాయనమ్మ ఇద్దరి మధ్యా సరిహద్దు గోడలా కూర్చునేది.

ఆ మూడో ఏడు మాత్రం ఆమె "మోకాళ్లు ముడువస్తలేవు" అంటూ వెళ్లి నడవలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వెలుగు ముందు ఆమెకు, ఆమె నుంచి బెంచీ చివరనున్న పెద్దబాపుకు అందింది. తర్వాత బాపు. మేము అందిస్తేనే వెనక నాలుగు వరుసలకు వెలుగు.

బాపు వంగలేదు. పెద్దబాపు ఆరడుగుల మనిషి, కొవ్వొత్తిని జెండా కర్రలా పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. పాట అయిపోయింది. క్వైర్ మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంది. వెనక ఎవరో దగ్గారు. పండక్కి వచ్చిన అక్క నా మోచెయ్యి గిల్లింది. ఆ మోచెయ్యి చేసిన తప్పేమిటో నాకిప్పటికీ తెలియదు. మైనం పెద్దబాపు వేళ్ల మీదికి కారుతోంది, ఆయన కదలడం లేదు. ఇప్పుడు కాకపోతే వీళ్లిక ఎన్నడూ మాట్లాడుకోరని నిజంగా భయమేసింది. జోకు ఒక్కటీ తట్టలేదు.

చివరకు బాపు వంగాడు. సరిగ్గా అప్పుడే పెద్దబాపు కూడా నియమం మరిచి తన కొవ్వొత్తిని వంచాడు. రెండు వత్తులూ ఢీకొన్నాయి. ఉన్న మంట ఆరిపోయింది.

"ఉన్నదొక్కటి గూడ ఆర్పిండ్రా? మంచిగున్నది. ఇటు రాండ్రి ఇద్దరు" అంది నాయనమ్మ కుర్చీలోంచి.

యాభై దాటిన ఇద్దరూ నడుములు పట్టుకుని ఆమె చేతిలోని వెలుగు మీదికి ఒకేసారి వంగారు.

"చెయ్యి కాలిందానే అన్నా?" అన్నాడు బాపు.

"ఏం గాలే. పోయి కూసోరా, వెనకోళ్లు చూస్తాండ్రు" అన్నాడు పెద్దబాపు, బొబ్బలెక్కిన వేళ్లను జేబులో పెట్టుకుంటూ. పండగ పూట, చర్చిలో నిలబడి, పచ్చి అబద్ధం.

కారిన మైనాన్ని గీకి, కరిగించి, మళ్లీ కొవ్వొత్తి పోసుకోవచ్చు. మాటల్లేకుండా పోయిన ఆ క్రిస్మస్‌లను మాత్రం మాలో ఎవరమూ మళ్లీ పోసుకోలేకపోయాం.