వింగు చాటు మనిషి

నాటకాలవాళ్ళ నోట 'వింగు' అంటే రెక్క కాదండోయ్. స్టేజీకి అటూ ఇటూ నిలువుగా కట్టే గుడ్డ. దాని మీద స్తంభాలో చెట్లో వేసి ఉంటాయి. తన వంతు వచ్చేదాకా ఆర్టిస్టు దాని వెనకే నిలబడాలి, కొంగు కూడా జనానికి కనపడకూడదు. 'వింగులో ఉన్నాను' అంటే తయారుగా ఉన్నాను, పిలవడమే ఆలస్యం అని.

శ్రీకాకుళం ఆర్టిస్టు కన్యాకుమారి బతుకంతా అదే మాట మీద గడిచిపోయింది, ఏం ఖర్మో! ఆమదాలవలస ధాన్యం వ్యాపారి నరసింగరావు సరదాకి రాజు వేషం కట్టేవాడు. ఈమె రాణి. అరసవల్లిలో అద్దెయిల్లు చూసి ఈమెను పెట్టాడు. మీ ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తారని అడిగితే ఒకటే జవాబు: "మా ఆడది ఒప్పుకోదే. కొన్నాళ్ళు వింగులో ఉండు, నేనే పిలుస్తాను." ఈ పిచ్చిది నమ్మింది. బజార్లో ఎదురుపడినా తలొంచుకుని పోయేది. ఆ కొన్నాళ్ళలోనే జుట్టు నెరిసింది.

2013 వానాకాలంలో ఆయన గుండె ఆగిపోయింది. హార్మోనియం నూకయ్య ఫోన్ చేస్తేగానీ ఈమెకు తెలియలేదు.

"ఒక్కపాలి ముకం సూస్తే సాల్రా నూకయ్యా," అని ఏడ్చింది. అతనే ఆటోలో తీసుకెళ్ళాడు.

తీరా వెళ్ళాక షామియానా పక్కగుడ్డ వెనక ఆగిపోయింది. అవతల పాడె కడుతున్నారు. ఇంతలో ఓ పెద్దాయన నూకయ్యను గుర్తుపట్టి, "నాటకాలోళ్ళొచ్చినారు, దారియ్యండి. దా అమ్మా, ఆయనకి పద్యమంటే పానం. ఒకటి పాడు," అన్నాడు.

జనం తప్పుకున్నారు. ఆయన ముఖం కనపడింది. ఏడిస్తే ఈవిడెవరని అడుగుతారు, పాడితే ఎవరూ అడగరు. పాడింది. శ్రుతి ఎక్కడా తప్పలేదు. చుట్టూ అందరూ బావురుమన్నారు.

పద్యం అయ్యాక భార్య పద్మకుమారి లేచి దగ్గరికొచ్చింది.

"కన్యాకుమారివి నువ్వే గదా?"

ఈమె తలూపింది.

"నాకు పిల్లల్లేరు. నిన్ను తెచ్చీమని నేనే ఎన్నిసార్లో సెప్పినాను. 'అదే రానంటన్నాది, దానికి నాటకాలే ఎక్కువ' అనీవోడు. ఏటే, ఒక్కపాలి రాలేకపోయినావా?"

కన్యాకుమారి శవం వైపు తిరిగింది. ఎప్పుడూ 'మీరు' అని తప్ప అనని మనిషిని, అంతమందిలో, గుండె పగిలేలా అరిచింది.

"ఓరి దగాకోరా! ఎంత పని సేసినావురా!"

అప్పటికే పాడె భుజాలకెత్తుతున్నారు.