సూది వద్దన్న సంతకం

తొంభైల చివర్లో, ముప్పై ఏడేళ్ల వయసులో నేను మళ్లీ కడుపుతో ఉన్నాను. మా ఇల్లు చిక్కడపల్లిలో. ఆ రోజుల్లో మా గల్లీలో ఎవరి రిపోర్టయినా డాక్టరు కంటే ముందు మెడికల్ షాపు అన్న చదవాల్సిందే. నారాయణగూడ ల్యాబ్ నుంచి నా రక్తపరీక్ష కవరు తెచ్చిన మా ఆయన కూడా నేరుగా అక్కడికే వెళ్లాడు.

"డౌన్ సిండ్రోమ్ అని రాసిండ్రన్నా. మంచిగ లేదు. తీసేయించుడే," అన్నాడట షాపు అన్న, కవరు విప్పి చూసి.

ఆ మాట మా అత్తమ్మకు చేరింది, నాకు మాత్రం చేరలేదు. ఆవిడ రెండు రోజులు నాతో గొడవే పెట్టుకోలేదు. అనుమానమొచ్చి నిలదీస్తే మా ఆయన చెప్పాడు.

"నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

నా కడుపు సంగతి మెడికల్ షాపుకు తెలుసు, నాకు తెలియదు! ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

మర్నాడు ముగ్గురం అశోక్ నగర్‌లో మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రిపోర్టు చూసి వాళ్లిద్దరినీ బయట కూర్చోమంది.

"ఇది బిడ్డకు డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతో బుద్ధి ఎదుగుదలలో తేడా, ఉందని చెప్పే పరీక్ష కాదమ్మా. ఉండే అవకాశం కాస్త ఎక్కువని, అంతే. ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి ఆ తేడా లేని బిడ్డలే పుడతారు. తేల్చుకోవాలంటే పొట్టలోకి సూది వేసి ఉమ్మనీరు తీయాలి. దానివల్ల అరుదుగా గర్భం పోవచ్చు. చేయించుకోవచ్చు, మానేయొచ్చు."

ఆ తేడాతో పుట్టిన పిల్లలు ఎలా పెరుగుతారో కూడా చెప్పి, "ఇప్పుడు మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి," అంది. రెండుసార్లు తప్పు చెప్పాను. విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. మూడోసారికి భయం పోలేదు గానీ, దేనికి భయపడాలో తెలిసింది.

"మీరైతే ఏం జేస్తరు?" అనడిగాను.

"బిడ్డ నాది కాదు కదమ్మా," అంది.

వారం ఆలోచించాను. ఏది తేలినా నేను కనేదాన్నే. అలాంటప్పుడు సూది ఎందుకని, మా ఆయనతో మళ్లీ వెళ్లి వద్దని చెప్పాను. డాక్టరమ్మ ఆ మాటే రాసి కాగితం బల్ల మీద పెట్టగానే, అలవాటు కొద్దీ మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. రేషన్ కార్డు నుంచి బడి ఫారం దాకా మా ఇంట్లో సంతకాలన్నీ ఆయనవే. ఆవిడ కాగితాన్ని నా వైపు తిప్పింది. ఆయన ఒక్క క్షణం చూసి, పెన్ను నాకిచ్చాడు.

ఇది విన్నవాళ్లంతా చివరికి ఒకటే అడుగుతారు: "మరి బిడ్డ ఎట్ల పుట్టింది అక్కా?"

నేను చెప్పను. చెబితే, ఆ రోజు నేను చేసింది రైటో తప్పో దాన్ని బట్టి తేల్చేస్తారు. సంతకం పెట్టేటప్పుడు అది నాకూ తెలియదు.