రెండు ఎర్ర గీతలు

నా చిన్నప్పుడు ఇంగ్లీషులో నేను మొట్టమొదట గుర్తుపట్టిన మాట ‘మాస్టర్’. చదవడానికి కాదు, కొట్టెయ్యడానికి.

నన్ను పెంచిన మా పెద్దమ్మ మార్కాపురం దగ్గర ఆడవాళ్ళ టీచరు ట్రైనింగు స్కూలును నడిపేది. హాజరు పట్టీలు, సెలవు కాగితాలు, సర్టిఫికెట్లు, పైనుంచి వచ్చే ప్రతి ఫారం అడుగున ‘హెడ్‌మాస్టర్ సంతకం’ అని అచ్చై ఉండేది. ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చుంటుందని అచ్చువేసేవాళ్ళకు తోచలేదు. సాయంత్రాలు నేను స్కేలు పెట్టి ‘మాస్టర్’ మీద ఎర్రసిరాతో రెండు గీతలు గీసేవాణ్ణి. పెద్దమ్మ వాటిపైన ‘మిస్ట్రెస్’ అని రాసి సంతకం చేసేది. రెండెందుకని ఒకసారి అడిగాను.

“ఒక గీతయితే చెయ్యి జారిందనుకుంటారు. రెండయితే తెలిసే కొట్టినామని అర్థమైతాది.”

ఆ మాటలో కోపం లేదు. రోజంతా నడిచి వచ్చిన మనిషి గొంతులా ఉంది అది.

ఒక ఏడు గిద్దలూరులో జరిగే ఆటల పోటీలకు మొదటిసారి ఆడపిల్లల జట్లను కూడా రమ్మన్నారు. పెద్దమ్మ బాల్ బాడ్మింటన్‌కు ఐదుగురిని తయారుచేసింది. అందరిలో బాగా ఆడేది పెద్దారవీడు నుంచి వచ్చిన ఒక అక్క. ఆమె నాయన కూలిపని చేసేవాడు. మగవాళ్ళ ముందర ఎగిరే చదువు మాకొద్దని బిడ్డను ఇంటికి తీసుకుపోబోతే, పెద్దమ్మే పెద్దారవీడు వెళ్ళి ఆయన్ను ఒప్పించింది. నువ్వే వచ్చి ఒక్క ఆట చూడు, నచ్చకపోతే అక్కణ్ణుంచే పిలుచుకపో అంది. ఆయన మాతోనే రైలెక్కాడు. దారిపొడుగునా మొహం కిటికీ వైపు తిప్పుకునే కూర్చున్నాడు.

మైదానంలో బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా మా ఫారం వెనక్కి తోశాడు.

“అచ్చు ఫారంలో కొట్టివేతలు చెల్లవమ్మా. హెడ్‌మాస్టరును పిలవండి.”

“నేనే గదా నాయనా.”

“మీసమున్నోళ్ళు ఎవరూ లేరా మీ స్కూల్లో?”

“ఉన్నాడు, తోటమాలి. పిలిపిచ్చమంటావా?”

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. గుమాస్తా మొహం ఎర్రబడింది. కొత్త ఫారం ఒకటి బల్లమీద పడేసి, గీత పడితే ఇదీ చెల్లదు, ఆట మొదలుపెడుతున్నారు, మీ ఇష్టం అన్నాడు.

నేను స్కేలు, ఎర్రసిరా బుడ్డి తీసి సిద్ధంగా ఉన్నాను. పెద్దమ్మ తలెత్తి మైదానం వైపు చూసింది. అక్కలు కొంగులు నడుముకు బిగించి, బ్యాట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అల్లంత దూరంలో పెద్దారవీడు అక్క నాయన గొంతుక్కూర్చుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటున్నాడు, లేచి వెళ్ళబోయేవాడిలా. పెద్దమ్మ నా చేతిలోంచి స్కేలు తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. ‘హెడ్‌మాస్టర్’ అన్న అక్షరాల కింద, గీత లేకుండా, సంతకం చేసింది.

అక్కలు ఆడారు. ఓడిపోయారు కూడా. కానీ తిరుగు రైల్లో ఆ నాయన ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళను పట్టుకుని, “ఆ మూలకు కొట్టిన దెబ్బ మీరు చూడాల్సిందన్నా! నా బిడ్డే కొట్టింది” అని చెబుతూనే ఉన్నాడు.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకు గీయనియ్యలేదని పెద్దమ్మను అడిగాను.

“ఆ గీత రేపు గూడా గీసుకోవచ్చు. ఆ పిల్ల ఆట రేపటికి ఉండదు గదరా” అని కళ్ళు మూసుకుని తల కిటికీకి ఆనించింది. బొగ్గు నుసి మొహాన పడుతున్నా తుడుచుకోలేదు. మర్నాడు సాయంత్రం ఫారాల కట్ట, స్కేలు నా ముందు పెట్టింది.

ఇప్పుడు నేను ఓవర్సీరుగా పనిచేస్తున్నాను. తప్పున్న కాగితాన్ని తిప్పి పంపడం నా పనిలో భాగం. పంపేముందు ఒకసారి తలెత్తి, బయట ఎవరు నిలబడి ఉన్నారో చూడటం అలవాటైంది. మొన్న ఒక బడి పైకప్పు మరమ్మతుకు ఫారం వచ్చింది. అడుగున పెద్దారవీడు అక్క సంతకం. ‘మాస్టర్’ మీద రెండు ఎర్ర గీతలు, స్కేలు లేకుండా గీసినవి, కొంచెం వంకర. వంకర గీత చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. వాటిని అట్లాగే ఉంచి, మంజూరుకు పంపాను.