బాతులు దిగిన చేలో ఒక్క దెబ్బ

కృష్ణమ్మ మీద ఒట్టు. అదీ బ్యారేజీకి దిగువన ఇసుక మేటల మధ్య సన్నగా పారే కృష్ణమ్మ మీద కాదు, ఎగువన నిండుగా నిలబడ్డ కృష్ణమ్మ మీద. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంత గట్టి ఒట్టు పెట్టుకోవడానికి కారణం ఉంది. కంకిపాడు సెంటర్లో నేను టీ తాగే కొట్టాయన నా మాట నమ్మడం మానేసి చాలాకాలమైంది. నేను ఇరవై రెండేళ్ళు గోల్ఫ్ ఆడి బతికినవాణ్ణి. మగ్గాల ఇంట్లో పుట్టి, పదిహేడో ఏట పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళి, పెద్దవాళ్ళ గోల్ఫ్ సంచులు మోసి, వాళ్ళు కార్లెక్కాక మిగిలిన కాస్త వెలుగులో ఆట నేర్చుకుని, ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడాను. పెళ్ళి సంగతి ప్రతిసారీ వచ్చే టోర్నమెంటు తర్వాత చూద్దామనుకున్నాను. నడుము చెడ్డాక ఆట మానేసి విజయవాడ వచ్చి, ఒక్కణ్ణే ఉంటున్నాను.

ఇక్కడ గోల్ఫ్ ఆడానంటే "హాకీ లాంటిదాండీ?" అంటారు. అది విడమరిచి చెప్పడం కన్నా కథ చెప్పడం తేలిక. అలా పుట్టిందే, నేను కొట్టిన బంతి వెళ్ళే గూడ్సు బండిలో పడి కొట్టుకుపోయిన కథ.

"మొన్న ఆ బండి ఏలూర్లో ఆగిందన్నారు. ఇవాళ రాజమండ్రి దాటించేశారేంటండీ?" అన్నాడు కొట్టాయన.

"సిగ్నల్ ఇచ్చారయ్యా, నేనేం చెయ్యను?"

"బంతికి టిక్కెట్టు తీశారా మరి?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగేసరికి గ్లాసులు ఖాళీ అయ్యాయి, ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోయారు. రోజూ అంతే.

నోటితో ఎన్ని కోతలు కోసినా ఆట లెక్క రాసే కార్డు మీద మాత్రం నేనెప్పుడూ అబద్ధం రాయలేదు. గోల్ఫులో దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప. ఆ లెక్కకు ఒక పద్ధతి ఉంది. మనం ఎన్ని దెబ్బలకు బంతిని గుంటలో వేశామో మన పక్కన నడిచిన ఆటగాడు రాసి, కింద సంతకం పెడతాడు. ఆ సంతకం లేకపోతే ఆడినా ఆడనట్టే. ఒకసారి పొదలో నా గోల్ఫు కర్ర తగిలి బంతి వెంట్రుకవాసి కదిలింది. ఎవరూ చూడలేదు. నేనే పక్కవాణ్ణి పిలిచి, ఒక దెబ్బ ఎక్కువ వేసుకోమన్నాను. ఆ ఒక్క దెబ్బతో మర్నాటి ఆటకు మిగలకుండా బస్సెక్కాను. దానికి బాధ లేదు. నా బాధల్లా వేరు. మొదటి దెబ్బకే బంతి వెళ్ళి గుంటలో పడడమనేది నాకు ఒక్కసారీ జరగలేదు. ఆదివారాలు ఆడే డాక్టర్లకు పడింది, రైసు మిల్లుల వాళ్ళకు పడింది. అదే తిండిగా బతికిన నాకు పడలేదు.

కంకిపాడు దగ్గర మా బావగారి చేను ఉంది. ఈ ఏడు మినుము చల్లలేదు. కోత మిషను వెళ్ళాక ఉత్త వరి దుబ్బులతో పడి ఉంది. దాని చివర ఒక పాలపొడి డబ్బా పాతి, చుట్టూ అలికినట్టు చదును చేసి, కర్రకు ఎర్ర తువ్వాలు కట్టాను. రోజూ పొద్దున్నే స్కూటర్ మీద వెళ్ళి, నూట ముప్ఫై గజాల నుంచి కొట్టడం. ఇంట్లో మిగిలిన పాత కార్డుల్లో ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. అలవాటు.

అప్పుడే కొల్లేరు వైపు నుంచి ఒకతను బాతుల మందతో వచ్చి, రాలిన గింజల కోసం గట్టు అవతల మంద చుట్టూ వల కట్టి దిగాడు. తెల్లారగానే వలలో గుడ్లు ఏరుకునేవాడు. నా బంతులు కొన్ని అక్కడే పడేవి. మొదటిరోజు వాటినీ గుడ్లతో పాటు బుట్టలో వేసేసుకున్నాడు. ఆ గుడ్లు కొన్నది మన టీ కొట్టాయనే.

"గంటసేపు ఉడికించానండీ, పెంకు రాలేదు," అని బంతిని నా చేతిలో పెట్టాడు. "ఒకాయన కొరికి కూడా చూశాడు. ఆయన పన్ను మీరే కట్టించాలి."

ఆ సంగతి చెబితే బాతులతను పగలబడి నవ్వాడు.

"దుబ్బుల్లో తెల్లగా గుండ్రంగా కనపడితే ఇంకేమనుకుంటానండీ? అయినా కొట్టడమెందుకు, మళ్ళీ నడిచెళ్ళి తెచ్చుకోడమెందుకు?"

"అదేనయ్యా నా ఉద్యోగం."

"ఒక్కరేనా ఆడేది?"

"నువ్వూ ఒక్కడివేగా."

"నాకేంటండీ, ఎనిమిదొందల మంది," అని మందను చూపించాడు.

అప్పట్నుంచి గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చుని నా ఆట చూసేవాడు. బంతి పక్కకు పోతే "చ్చొచ్చొ" అనేవాడు. కొట్టే ముందు ఒకసారి గట్టు వైపు చూడడం నాకు అలవాటైంది. అలా ఐదు రోజులు.

ఆరో రోజు మంచు అప్పుడే విడుతోంది. మూడో బంతి. కర్ర తగలగానే చేతికి తెలిసింది. బంతి ఎర్ర తువ్వాలుకు ఇవతల పడి, ఒక్క గెంతు గెంతి, డబ్బాలో టంగుమంది.

"పడిందండోయ్! డబ్బాలో పడింది!" గట్టు మీంచి అతని కేక. బాతులన్నీ మెడలెత్తాయి. పరిగెత్తుకుంటూ వచ్చాడు. కార్డు, పెన్సిలు ఇచ్చి సంతకం పెట్టమన్నాను. "నాకు వచ్చిన రాతల్లా ఇదొక్కటేనండీ," అంటూ, చెయ్యి పంచెకు తుడుచుకుని, గట్టు మీద కార్డు ఆనించి మెల్లగా సంతకం పెట్టాడు.

ఇక ఒట్టు సంగతి.

రైలు మాట వదిలేయండి, అది మీకూ తెలుసు. బంతి పడడం నిజం. ఆ డబ్బా చప్పుడు నిజం. నేను కల్పించింది ఆ ఒక్క పొద్దున గట్టు మీది మనిషిని. నేను వెళ్ళేసరికే వల ఎత్తేసి ఉంది. బురదలో బాతుల అడుగులు, నాలుగు ఈకలు, ఆరిపోయిన చుట్ట పీక. గింజలు అయిపోయినట్టున్నాయి, ఇంకో చేనికి వెళ్ళిపోయాడు.

డబ్బా మోగగానే మాత్రం గట్టు వైపే తిరిగాను. "చూశావా?" అని అరిచాను కూడా.

కార్డు మీద ఒకటి అని వేసి, నా సంతకం పెట్టాను. చూసినవాడు సంతకం పెట్టాల్సిన రెండో గీత మీద ఏమీ రాయలేదు. ఏదో గిలికి పెడితే పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. చేయి రాలేదు.

మర్నాడు టీ కొట్టులో "ఏంటండీ విశేషాలు?" అని అడిగాడాయన. జేబులో కార్డు ఉంది. రైలు కథే చెప్పాను. ఈసారి తుని దాకా వెళ్ళింది.