తలవైపు తాడు

ఆ లోయలో డ్యూయర్ ఇంటిపేరువాళ్లు ఇద్దరే మిగిలారు: గొర్రెల కాపరి ఆర్చీ, అతని అక్క మార్సలీ. మంగళవారం ఆర్చీ పోయాడు. ఇక మార్సలీ ఒక్కతే.

మర్డో రాంకిన్‌తో నలభై ఏళ్లు కాపురం చేసినా, అతను పోయినా, ఊరికి ఆమె మార్సలీ డ్యూయరే. ఆ లోయలో ఆడదాని పుట్టింటి పేరు సమాధి రాయి దాకా వెంట వస్తుంది. ఆమెకు పిల్లలు లేరు. ఆర్చీకున్న ఒక్కగానొక్క కొడుకూ యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయాడు.

చిన్నప్పుడు నాన్న పొయ్యి ముందు కూర్చుని చెప్పేవాడు. ఒక పుణ్యపురుషుడి కంచు గంటను తరతరాలుగా కాపాడినవాళ్లు డ్యూయర్లు. డ్యూయర్ అంటే అక్కడి పాత భాషలో తిరుగాడేవాడు; గంట పట్టుకుని ఊరూరా తిరిగేవాళ్లు కాబట్టి ఆ పేరు. శవం ముందు దాన్ని మోగిస్తూ నడిచేదీ డ్యూయరే. అందుకు ప్రతిఫలంగా కొండవాలు మీది పొలం వాళ్లకు దక్కింది. తర్వాత దేశంలో మతం మారింది, గంట పోయింది, పొలంలోకి దొరగారి గొర్రెలు వచ్చాయి. "పేరొక్కటే ఎవడి సంచిలోనూ పట్టలేదు" అని నాన్న నవ్వేవాడు.

బుధవారం శవపెట్టె కొలతలకు వడ్రంగి హేమిష్ వచ్చాడు. టీ తాగుతూ, పెట్టెను గోతిలోకి దించే ఎనిమిది తాళ్లూ ఎవరెవరు పట్టాలో అట్టముక్క మీద రాసుకుంటున్నాడు.

"తలవైపు తాడు ఎవరికి రాయను పిన్నీ? అది దగ్గరివాడిది కదా. మర్డో బాబాయి తమ్ముడి కొడుకుని అడగనా?"

"వాడు రాంకిన్. ఆర్చీకి ఏమవుతాడు?"

"మరి డ్యూయర్ మగాణ్ణి ఎక్కణ్ణుంచి తేను, చెక్కతో చెయ్యనా?"

"నువ్వు చేస్తే నీ బల్లల్లాగే కుంటుతాడు. నేనే పడతాను."

హేమిష్ కప్పు కింద పెట్టాడు. "ఆడవాళ్లు శ్మశానం గేటు దాటరు కదా పిన్నీ. మా నాన్నప్పుడు మా అమ్మా అక్కడే ఆగింది."

"తెలుసు. ఆ రోజు మీ అమ్మ పడిపోకుండా పట్టుకున్నది నేనే."

హేమిష్ మళ్లీ పెన్సిలు అందుకున్నాడు. అట్ట మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం సన్నటి వాన. ఆడవాళ్లందరూ ఇనప గేటు దగ్గర ఆగారు. గోతి పక్కన హేమిష్ ఒక్కొక్క పేరే చదువుతుంటే మగవాళ్లు వచ్చి తాళ్లందుకున్నారు. చివరికి, "తలవైపు, డ్యూయర్" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. హేమిష్ ఆ తాడు చేతిలో పెట్టుకుని గేటువైపే చూస్తూ నిలబడ్డాడు.

మార్సలీ తడిగడ్డి మీద మెల్లగా నడిచి వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. తాడు అందుకుంది. వాగు దాటించేటప్పుడు తమ్ముణ్ణి వీపున ఎత్తుకున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ ఇంతే జాగ్రత్తగా దించేది.

పెట్టె గోతి అడుగును తాకింది. మిగతా ఏడుగురూ తాళ్లు గోతిలోకి వదిలేశారు. ఆమె వదల్లేదు.

"వదిలెయ్యాలి పిన్నీ," అన్నాడు హేమిష్ మెల్లగా.

"నా రోజున తలవైపు ఎవరి పేరు చదువుతావు, హేమిష్?"

హేమిష్ తల వంచి, చేతిలోని అట్టముక్క వైపు చూశాడు. మార్సలీ వేళ్లు విప్పింది; తాడు గోతిలోకి జారింది.