గుంతకు అడ్డుపడిన పెద్దాయన

మా పక్కింటి పెద్దాయన పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. సిటీకి ఆ చివరనున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి బయల్దేరి, దేవనహళ్ళి దాటి మా ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వాకిలి కడిగేసి ఉంది. ఆఖరి చూపు దక్కలేదు.

ఆయనతో నా పరిచయం తగాదాతో మొదలైంది. మా ఆయన పోయిన మరుసటి ఏడాది ఈ ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాను. ఇక్కడ డ్రైనేజీ లేదు, ఎవరి సెప్టిక్ గుంత వారే తవ్వుకోవాలి. పంచాయతీ లైసెన్సు తీసుకున్న ప్లానులో గుంత గేటు పక్కన ఉంది. కారుకు చోటు పోతుందని కాంట్రాక్టరు దాన్ని పెరట్లోకి మార్చాడు.

"ఇక్కడెవరొచ్చి చూస్తారు మేడమ్?" అన్నాడు. సరేనన్నాను. పెరటి గోడకు అవతలే పెద్దాయన బోరు.

మర్నాడు ఆయన పంచాయతీకి అర్జీ ఇచ్చారు. పని ఆగిపోయింది. ఒళ్లు మండి వెళ్లి అడిగాను: "ఒంటరి ఆడదాన్నని కదా సార్, ఇలా చేస్తున్నారు?"

"నేనూ ఒంటిగానే ఉండాను తల్లీ. నీ కాంట్రాక్టరుకు ముందే చెప్పినా, వినలేదు. కంచె నేలపైన వేసుకుంటాము. నేల కింద ఏం కంచె ఉండాది?"

నెల రోజులు ఆయన ముఖం చూడలేదు. చివరికి ప్లానులో ఉన్నచోటే తవ్వించాను. సిమెంటు రింగులు దించేదాకా ఆయన ఎండలో నిలబడే ఉన్నారు. పనివాళ్లు వెళ్లాక అరుగు మీద కూర్చుని, తాను పంచాయతీలోనే పనిచేసి రిటైరయ్యానని చెప్పారు. ఒకసారి స్థలం చూడకుండానే, అంతా సరిగ్గా ఉందని ఒక ఇంటి కాగితం మీద సంతకం పెట్టారట.

"ఆ గుంత ఊట పక్కింటోళ్ల బావిలోకి దిగింది. వాళ్ల బిడ్డ వాంతులు, బేదులు పట్టుకొని పోయింది. నన్నెవరూ ఏమీ అనలేదు తల్లీ. అని ఉంటే బాగుండు."

ఆయన అడ్డుపడకపోతే నా మురుగు ఆయన తాగే నీళ్లలో కలిసేది. ఆ సంగతి నాకు తెలిసేది కూడా కాదు.

అప్పటినుంచి అనపకాయల కాలంలో, చిక్కుడు లాంటి ఆ గింజలు నానబెట్టి పొట్టు పితికి, గిన్నె గోడ మీద పెట్టి "అమ్మా" అని ఒక్క కేక వేసి వెళ్లిపోయేవారు. ఎన్నిసార్లు పిలిచినా లోపలికి రాలేదు. సాయంత్రాలు గోడకు అటొకరం ఇటొకరం నిలబడి, దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు చూసేవాళ్లం. మాటలు తక్కువే. "తిన్నావా?" అని ఈ ఊళ్లో నన్ను అడిగింది ఆయనొక్కరే.

కర్మలయ్యాక ఆయన కొడుకు ఇల్లు కడిగించి, తాళం వేసుకుని తానుండే అత్తిబెలె వెళ్లిపోయాడు. మోటారు ఆపడం మరిచినట్టున్నాడు. పొద్దువాలే వేళకు మిద్దె మీది ట్యాంకు నిండి, నీళ్లు గోడ వెంట ధారగా కారుతున్నాయి. తాళంచెవి నా దగ్గర లేదు. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. తేటనీళ్లు ఖాళీ వాకిట్లోకి పారుతుంటే, గోడకు ఇవతల నిలబడి వింటూ ఉండిపోయాను.